టైట్ అన్నది కెమెరాకి, లూజ్ అన్నది నాకు

రండి, ఇలా దగ్గరికి జరగండి. చాప చాలకపోతే ఆ దుప్పటి మడతేసుకుని కూర్చోండి. చేతిలో ఫోను కాసేపు బోర్లా పెట్టండి. జూబ్లీహిల్స్‌లో, పట్టపగలు, యూనిట్ మొత్తం నోరు తెరుచుకుని చూస్తుండగా, చేపని పట్టాల్సిన మనిషి తానే చేపై నీళ్ళలోకి ఎగిరిపడిన కథ చెబుతాను. ఆ మనిషిని నేనే. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఇంటికొచ్చిన చుట్టాలంతా ఈ కథకి నవ్వి, టీ తాగి వెళ్ళినవాళ్ళే.

నా పేరు నూకాలు. మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి పంతులుగారు ఇప్పటికీ నాకోసం ఎదురుచూస్తున్నారేమో తెలీదు. చదువు అబ్బలేదు గానీ జ్ఞాపకం మాత్రం జిగురులా అంటుకుంటుంది. పన్నెండేళ్ళ కిందట ఆ రోజు యూనిట్లో టిఫిను ఏమిటో కూడా చెప్పగలను. ఉప్మా. జీడిపప్పులన్నీ కెమెరా డిపార్ట్‌మెంటుకే వెళ్ళాయి.

మాది సముద్రం ఒడ్డు ఊరు. అలా అనగానే మీరేమనుకుంటారు? పడవలూ వలలూ, పెద్ద పెద్ద చేపలూ అనుకుంటారు. అందరూ అలాగే అనుకున్నారు, నా కొంప అక్కడే మునిగింది. మా ఇంట్లో ఎవరూ చేప పట్టలేదండీ. మా అమ్మ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది. నేను వెనకాల తక్కెడ మోసేదాన్ని. అంటే చేప చచ్చి, ఉప్పు పట్టి, నాలుగు రోజులు ఎండిన తర్వాతే దానితో మాకు పరిచయం. బతికున్న చేప ఎదురుపడితే నేను పక్కకి తప్పుకుంటాను.

ఇంకో సంగతి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సింది పాదాలు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్ళు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. వలలు లాగే ఊరు కదా, నడుములు పట్టెయ్యడానికి కొదవేం లేదు. తెల్లారేసరికి మా గుమ్మం ముందు మొగాళ్ళు వరసగా బోర్లా పడుకుని ఉండేవారు. నేను పలకా బలపం పట్టుకుని ఒక నడుం మీంచి ఇంకో నడుం మీదికి అడుగులేసుకుంటూ బడికి పోయేదాన్ని. మా ఊళ్ళో చాలామందికి నా మొహం కంటే నా పాదాలే బాగా తెలుసు. పాపం, బోర్లా పడుకున్నవాడికి మొహం ఎక్కడ కనబడుతుంది!

పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. మా ఆయన యాదగిరి ఇక్కడివాడే. సినిమాల్లో లైట్‌మన్. రహమత్ నగర్‌లో ఒక గదిలో కాపురం. ఆయనే నన్ను జూనియర్ ఆర్టిస్టుగా చేర్పించాడు. పొద్దున్నే ఫిల్మ్‌నగర్ వెళ్ళి, మిగతావాళ్ళతో కలిసి వ్యాన్ కోసం నిలబడేవాళ్ళం. అప్పట్లో ఆ రాళ్ళ గుట్టల మధ్య పొద్దుటి ఎండ భలే పడేది. ఒకరి జడలో ఇంకొకరు పిన్నులు పెట్టుకుంటూ, ఒక గ్లాసు టీని ముగ్గురు పంచుకుంటూ, "ఇవాళ పెళ్ళివాళ్ళమా, చావువాళ్ళమా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళం. పెళ్ళి సీనైతే పట్టుచీర ఇస్తారు, చావు సీనైతే తెల్లచీర. ఏడవడమైనా నవ్వడమైనా వెనక వరసలోనే.

పదిహేనేళ్ళు అలా గడిచాయి. మా అమ్మ నేనున్న ప్రతి సినిమాకీ వెళ్ళేది. వెళ్ళొచ్చి ఫోను చేసేది.

"ఏదే? నువ్వెక్కడా కనబడలేదు."

"పెళ్ళి సీన్లోనమ్మా. పచ్చచీర. మూడో వరస."

"మూడో వరసలో పందిరి గుంజ ఉందే!"

"ఆ గుంజ వెనకాల నేనే అమ్మా."

"గుంజ బాగా చేసిందిలే," అనేది పాపం. తర్వాత వచ్చే సినిమా పేరు అడిగి ఫోను పెట్టేసేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మా అమ్మ తెర మీద నన్ను చూసి "అదిగో మా పిల్ల!" అనాలి. నాకు అంతకుమించి ఆశ లేదు.

ఒకరోజు ప్రొడక్షన్ మేనేజర్ రాజుగారు వ్యాన్ దగ్గరికొచ్చి, "మీలో సముద్రం వైపు వాళ్ళెవరు?" అని అడిగారు. నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది.

"చేపలు పట్టడం వచ్చా?"

"ఎంత మాటన్నారండీ! చేపపిల్లకి ఎవరైనా ఈత నేర్పుతారా?"

"స్లో జిగ్గింగ్ వచ్చా?"

నాకు జాగింగ్ అని వినబడింది. జూబ్లీహిల్స్‌లో తిరిగే మనిషికి ఇంకేం వినబడుతుంది చెప్పండి! "ఓ, పెద్దవాళ్ళు పొద్దున్నే పార్కులో చేస్తారు కదండీ. బస్సు తప్పినప్పుడల్లా నేనూ చేస్తాను. కాకపోతే నాది స్లో కాదు," అన్నాను.

రాజుగారు అది జోకు అనుకుని పగలబడి నవ్వారు. "మంచి హుషారుగా ఉన్నావే. చేతులు చూపించు," అన్నారు. చూపించాను. నా మొహం సంగతేమో గానీ, చేతులు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడు. పొడుగు వేళ్ళు, నున్నటి గోళ్ళు.

విషయం ఏంటంటే, ఆ సినిమాలో హీరోయిన్ ఒక్కతే పడవ వేసుకుని నడిసముద్రంలోకి వెళ్ళి పెద్ద చేపని పడుతుంది. దానికి స్లో జిగ్గింగ్ అని ఒక పద్ధతి ఉందట. హీరోయిన్‌కి నేర్చుకునే తీరిక లేదు. కాబట్టి దగ్గరి షాట్లలో ఆమె చేతులకి బదులు ఇంకొకరి చేతులు కావాలి. తెర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆ చేతులే కనబడతాయి.

"ఇరవై రోజుల్లో షాట్. నేర్పడానికి మనిషిని పిలిపించాం. నీకు ఎలాగూ వచ్చు కదా, ఊరికే చెయ్యి తిరగాలి, అంతే," అన్నారు రాజుగారు.

"నాకు రాదండీ" అనడానికి అదే ఆఖరి సందు. నేను ఆ సందులోంచి వెళ్ళకుండా సరాసరి టీ కొట్టు దగ్గరికి వెళ్ళి అమ్మకి ఫోను చేశాను.

"అమ్మా, ఈసారి గుంజ లేదే. తెరంతా నా చేతులే!"

"నిజంగానా? నా మీద ఒట్టా?"

"నీ మీద ఒట్టు."

సాయంత్రానికి మా వీధంతా తెలిసిపోయింది. మరుసటి రోజుకి వలల రేవు దాకా పాకింది. "సినిమా వచ్చిన రోజు అందరం కలిసే వెళ్తామే, ట్రాక్టరు మాట్లాడతాడట మీ చిన్నాన్న," అంది అమ్మ. ట్రాక్టరు అనగానే నాకు మొదటిసారి చెమట పట్టింది.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"ఏందే? నీకు చేపలు పట్టుడు వస్తదా? నాకెన్నడు చెప్పలే."

"సముద్రం ఒడ్డున పుట్టాను కదయ్యా. ఆ మాత్రం రాదా?"

"మొన్న కొర్రమీను బతికున్నది తెస్తే, నువ్వు మంచమెక్కి కూసోలేదా?"

"అది చెరువు చేప. మాది సముద్రం చేప. వేరు."

"ఏమో తల్లీ. జర పైలం," అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదు గానీ, ఎండుచేపకి నేర్పినా రాదని ఆ మహానుభావుడికి అప్పుడే తెలుసు.

నేర్పడానికి వచ్చినాయన సింహాచలం గారు. విశాఖ వైపు మనిషి. యాభై దాటినాయన, నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఎండకి కళ్ళు చికిలించి చూస్తూ ఉండేవారు, గదిలో ఉన్నా సరే. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు ఉన్న మూడంతస్తుల మేడ పైన మాకు పాఠం.

"సముద్రం ఏదండీ?" అని అడిగాను.

"ఇదే. పైన మనం ఉన్నది పడవ. కింద సందు సముద్రం అడుగు. మధ్యలో ఉన్న గాలే నీళ్ళనుకో. ఏటి, నవ్వుతావేటి? తూగు చేతికి రావాలమ్మా, తడి తర్వాత."

పెట్టె తెరిచారు. నేను పూజసామాను చూసినట్టు చూశాను. రాడ్డు పొట్టిగా, పుల్లలా సన్నగా ఉంది గానీ విల్లులా వంగుతుంది. దాని మీద ఒక రీలు. రీలు అంటే సినిమా రీలే అనుకునే ఊరు మాది. ఇది దారం చుట్టుకునే రీలు. దారం ఎనిమిది పాయల జడట! నూలుపోగంత సన్నం, మనిషిని మోస్తుంది. (ఈ మాట గుర్తుపెట్టుకోండి.) జడ చివర కుచ్చుల్లా గాజులాంటి ఇంకో దారం కడతారు. దాన్ని లీడర్ అంటారు.

"అన్నిటికన్నా ముందుంటుంది, నీళ్ళలో ఎవరికీ కనబడదు," అన్నారాయన.

"అచ్చం మా కాలనీ లీడరేనండీ," అన్నాను.

లీడర్ చివర జిగ్గు. చింతకాయంత పొడుగు సీసపు ముక్క, వెండిలా మెరుస్తుంది. పై కొసన రెండు చిన్న గేలాలు. ఎర లేదు, పురుగు లేదు, రొయ్య లేదు.

"మరి చేప ఎందుకొస్తుందండీ?"

"మోసపోయి. పిడి ఒక్క చుట్టు తిప్పి ఆపు. వంగిన రాడ్డు తనంతట తానే లేచి జిగ్గుని ఎగరేస్తుంది. అప్పుడు వదులు. జిగ్గు పక్కకి ఒరిగి, దెబ్బ తిన్న చేపలాగ తళుక్కు తళుక్కుమంటూ మెల్లిగా పడుతుంది. అదిగో, అప్పుడొస్తుంది పెద్దచేప. జిగ్గు లేచేటప్పుడు కాదమ్మా, పడేటప్పుడు. ఏ చేపైనా పడేదాన్నే పట్టుకుంటుంది."

నేను రాడ్డు చంకలో ఇరికించుకుని, గబగబా పిడి తిప్పాను.

"ఏటమ్మా, నీళ్ళ ట్యాంకరొచ్చిందా? ఆ కంగారేటి?"

మళ్ళీ తిప్పాను.

"బావిలో చేద తోడుతున్నావు. ఆపడం నేర్చుకో. తిప్పడం ఎవడైనా తిప్పుతాడు."

రెండు రోజులు అంతే. మూడో రోజు కళ్ళు మూసుకుని నిలబడితే, మా పాప చీర ఉయ్యాల్లో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. రహమత్ నగర్ గదిలో దూలానికి పాతచీర కట్టి, కాలి బొటనవేలితో ఒక్క తోపు తోసి, ఆగేదాన్ని. ఉయ్యాల వెళ్ళి, అక్కడ క్షణం నిలబడి, దానంతట అది తిరిగొచ్చేది. తొందరపడి తోస్తే పిల్ల లేచిపోతుంది. చేతిలో రాడ్డుకి అదే చెప్పాను. ఒక తోపు. ఆగు. పడనీ.

సింహాచలం గారు కిందికి చూస్తూ, "వచ్చింది," అన్నారు మెల్లగా. "వచ్చిందమ్మా నీకు. ఎవరు నేర్పారు?"

"మా పాపండీ," అన్నాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కరెక్టుగా అప్పుడే రాడ్డు వంగింది.

"పడింది! పడింది!" అని అరిచాను.

"మేడ మీద ఏం పడుతుందే!" అని ఆయన పరిగెత్తుకొచ్చారు. ఈలోగా నేను చుట్టేస్తున్నాను. కింద పక్క మేడ కిటికీలోంచి పెద్ద కేక.

"ఓ అమ్మో! గిదేంది? జమీందారు జుట్టు మీదికి పోతున్నది!"

పక్క మేడ మొదటి అంతస్తులో విగ్గులు చేసే మస్తాన్ భాయ్ ఉంటాడు. నాలుగు రోజులు కష్టపడి అల్లిన జమీందారు వేషం విగ్గుని కిటికీ గట్టు మీద ఆరబెట్టుకున్నాడు. అది నా గేలానికి చిక్కి, తెల్లటి జులపాలు ఊపుకుంటూ, మూడో అంతస్తుకి ఠీవిగా ఎక్కి వస్తోంది.

"జిగ్గు వేస్తే విగ్గు పడింది," అన్నారు సింహాచలం గారు గేలం విడిపిస్తూ. "ముప్పై ఏళ్ళ నుంచి వేటకి పోతున్నా, ఈ జాతి చేప నాకు పడలేదు."

మస్తాన్ భాయ్ పైకొచ్చి, "ఏందమ్మా, మా మీద పగనా? గింత పెద్ద సముద్రముండంగ నా జుట్టే దొరికిందా?" అని అరగంట తిట్టి, టీ తాగి వెళ్ళాడు. ఆ రోజు నుంచి మేం మేడ ఎక్కగానే విగ్గులన్నీ లోపలికి పోయేవి.

ఇక అసలైన పాఠం. దీనికి చెవి ఒగ్గండి, నన్ను ముంచింది ఇదే.

రీలుకి పిడి పక్కన నక్షత్రంలాంటి చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని స్టార్ అంటారు. మా లోకంలో స్టార్లు మమ్మల్ని తిప్పుతారు గానీ, మేం స్టార్‌ని తిప్పడం అదే మొదటిసారి. దాని పనిని డ్రాగ్ అంటారు. లూజ్ చేస్తే చేప లాగినప్పుడు దారం కిర్రుమంటూ పోతుంది. టైట్ చేస్తే దారం పోదు.

"ఇది పూర్తిగా ఎప్పుడూ బిగించకు," అన్నారాయన వేలు చూపిస్తూ. "చేప లాగితే ఇవ్వాలి. అలిసిపోయాక తీసుకోవాలి. బిగిస్తే, అయితే దారం తెగుతుంది, లేకపోతే నువ్వెళ్ళి చేప దగ్గర పడతావు. నేను లూజ్ అంటే లూజ్. టైట్ అంటే టైట్. గుర్తుంటుందా?"

"ఎందుకుండదండీ! రెండే మాటలు."

అవును. రెండే మాటలు. కాకపోతే ఆ రెండు మాటలూ సినిమావాళ్ళకి కూడా ఉన్నాయని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పదిహేనేళ్ళు సెట్లో బతికినదాన్ని, నాకైనా తట్టొద్దూ!

షాట్ రోజొచ్చింది. నడిసముద్రం ఎక్కడ పెట్టారనుకున్నారు? జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళా వెనకాల ఈతకొలనులో. కొలను గట్టు మీద పడవ ముందు సగం మాత్రం నిలబెట్టారు. మిగతా సగానికి నీలం గుడ్డ. గట్టవతల మామిడి చెట్టు మీద కాకి అరుస్తుంటే, "సముద్రంలో కాకి ఏంట్రా, తోలండి!" అని డైరెక్టర్ గారు కేకలేస్తున్నారు. మా ఆయన లైటు దగ్గర నిలబడి, నా వైపు చూసి బొటనవేలు చూపించాడు.

నా చేతులకి ఆ రోజు జరిగిన మర్యాద నా పెళ్ళికి కూడా జరగలేదు. ముగ్గురు కూర్చుని గోళ్ళకి రంగేశారు, గాజులు తీసేశారు, పసుపు పోయేలా రుద్దారు. హీరోయిన్‌ది పెళ్ళికాని పిల్ల వేషం కదా. ఆమె వేసుకునే ప్యాంటూ చొక్కా లాంటివే నాకూ తొడిగారు. కాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. "చేతులే కదా!" అన్నారు. నా మెట్టెలు నా వేళ్ళకే ఉండిపోయాయి.

చేప ఎవరంటే, ఫైటర్ శంకర్. ఎనభై కిలోల మనిషి. సింహాచలం గారు జిగ్గు నుంచి గేలాలు తీసేశారు. శంకర్ నీళ్ళలో మునిగి, దారం చేతికి చుట్టుకుని లాగాలి. రాడ్డు చెయ్యి జారి నీళ్ళలో పడిపోకుండా దానికో తాడు కట్టి, ఆ తాడు రెండో కొస నా నడుముకి కట్టారు. రిహార్సల్ చక్కగా వచ్చింది. శంకర్ లాగాడు, దారం కిర్రుమంటూ పోయింది, నేను మెల్లిగా చుట్టాను. ఉయ్యాల ఊపినట్టే.

"సూపర్!" అన్నారు డైరెక్టర్ గారు. "శంకర్, టేక్‌లో ఇంకా గట్టిగా లాగు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగు."

"యాక్షన్!"

తిప్పాను. ఆగాను. పడనిచ్చాను. శంకర్ లాగాడు. కిర్ర్ర్... దారం పోతోంది. నా మనసులో అమ్మ, ట్రాక్టరు, వీధంతా కనబడుతున్నారు. ఇంతలో డైరెక్టర్ గారు మానిటర్ ముందు తొడ కొట్టుకున్నారు.

"డ్రాగ్ అవుతోందయ్యా! బాగా డ్రాగ్ అవుతోంది! టైట్!"

ఆయన భాషలో దాని అర్థం: సీను సాగుతోంది, కెమెరా చేతుల మీదికి దగ్గరగా రావాలి. అది కెమెరామన్‌కి చెప్పిన మాట. నా బుర్రకి మాత్రం రెండు మాటలే చేరాయి. డ్రాగ్. టైట్. నేను స్టార్ తిప్పాను.

"ఇంకా టైట్!"

ఇంకా తిప్పాను.

వెనకనుంచి సింహాచలం గారి గొంతు: "లూజ్! లూజ్ చెయ్యి! లూజ్!"

ఆ మాట నాది. కానీ విన్నదెవరు? కెమెరామన్. 'ఓహో, ఫ్రేమ్ లూజ్ చెయ్యమంటున్నారు' అనుకుని కెమెరాని వెడల్పుగా తీసేశాడు. ఇప్పుడు పడవా నేనూ కొలనూ, అంతా ఫ్రేములో ఉన్నాం. అది మానిటర్లో చూసి డైరెక్టర్ గారికి మండింది.

"ఎవర్రా లూజ్ చేసింది? టైట్ అన్నానా? ఫుల్ టైట్!"

"లూజ్, తల్లీ, లూజ్!"

నా ఎడమ చెవిలో గురువు, కుడి చెవిలో డైరెక్టరు. సెట్లో డైరెక్టర్ మాట దేవుడి మాట. పదిహేనేళ్ళ అలవాటు. "అలాగేనండీ!" అని స్టార్‌ని ఇక తిరగనంత వరకూ బిగించేశాను.

అదే క్షణంలో నీళ్ళడుగున శంకర్ గోడకి రెండు కాళ్ళూ తన్నిపెట్టి, ప్రాణం పెట్టి లాగాడు.

నేను పడలేదండీ, ఎగిరాను. పడవ దాటాను, గట్టు దాటాను. గాల్లో ఉండగా మా ఆయన గొంతు వినబడింది, "నూకాలూ! రాడ్డు ఇడ్శిపెట్టు!" అని. విడిచిపెట్టడానికేముంది, అది నడుముకి కట్టి ఉంది! తలకిందులుగా నీళ్ళలోకి దిగాను. పైకి మిగిలినవి రెండు కాళ్ళు. ఆ కాళ్ళు అక్కడే చాలాసేపు తన్నుకున్నాయట. నాకు ఈత రాదని చెప్పానా? సముద్రం ఒడ్డు దాన్ని కదా, ఎవరూ అడగలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా కాళ్ళు అయితే పైనే ఉండి, మిగతా నేనంతా కడుక్కుపోయాను.

శంకర్ నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. "పెద్ద చేపే పడిందన్నా," అన్నాడు ఆయాసపడుతూ. ఎవరూ నవ్వలేదు. కుడి మణికట్టు బెణికి, నిమ్మకాయంత ఉబ్బింది.

డైరెక్టర్ గారు వచ్చి నిలబడ్డారు. "టైట్ అన్నది ఎవరికి?"

"మీరు కెమెరాకి అన్నారు సార్," అన్నాడు కెమెరామన్.

"మరి లూజ్ అన్నదెవరు?"

"నేనండీ," అన్నారు సింహాచలం గారు. "కెమెరాకి కాదు, ఈ అమ్మాయికి."

"నువ్వేం చేశావమ్మా?"

"కెమెరాకి చెప్పింది నేను చేశానండీ. నాకు చెప్పింది కెమెరా చేసిందండీ." చెబుతూ చెబుతూ ఏడుపొచ్చేసింది. తడిసిన మనిషికి అబద్ధాలు నిలవవు. "నాకసలు చేపలు పట్టడం రాదండీ. మాది ఎండుచేపలు అమ్మే ఇల్లు. మా అమ్మ నన్ను ఒక్కసారైనా తెర మీద చూడాలని అబద్ధం చెప్పానండీ."

సింహాచలం గారు నా భుజాల మీద తువ్వాలు కప్పారు. "నాకు మొదటి రోజే తెలుసులే. రాడ్డు తక్కెడలా పట్టుకున్నావు. కాకపోతే అంత బాగా పడనివ్వడం వేటగాళ్ళకి కూడా చేతకాదు. అందుకే ఊరుకున్నాను."

నా చెయ్యి వాచిపోయింది, షాట్ ఆగదు. మరి ఆ చేతులు ఎవరివి? చెబితే నమ్మరు. సింహాచలం గారివే. పాపం, ముంజేతుల మీద వెంట్రుకలు తీయించుకుని, గోళ్ళకి గులాబీ రంగేయించుకుని, తల దించుకుని చేశారు. "ఇది విశాఖలో ఎవరికీ తెలియకూడదు," అని అందరి దగ్గరా ఒట్టేయించుకున్నారు. నేనూ వేశాను. విశాఖ వాళ్ళెవరైనా ఇక్కడ కూర్చుని ఉంటే, మీరు ఈ ముక్క వినలేదు.

సినిమా వచ్చేదాకా అమ్మకి నిజం చెప్పలేకపోయాను. ఫోను తీసిన ప్రతిసారీ ఆమె ట్రాక్టరు గురించే చెప్పేది. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక కూర్చోవాలి. మా ఆయన, "చెప్పరాదే," అనేవాడు. నేను కూర మాడుతోందని వంటింట్లోకి పోయేదాన్ని. పొయ్యి మీద కూరే ఉండేది కాదు.

ఆ రోజు వాళ్ళు మధ్యాహ్నం ఆటకి వెళ్ళారు. నేను రహమత్ నగర్ గదిలో మంచం మీద ఫోను ముందు పెట్టుకుని, చావు సీన్ తెల్లచీర వాళ్ళలా కూర్చున్నాను. ఇంటర్వెల్ అయి ఉంటుంది. చేపల సీన్ వచ్చి ఉంటుంది. గులాబీ గోళ్ళు వచ్చి ఉంటాయి. ఫోను మోగింది. అమ్మ. వెనకాల హాలంతా గోల.

"అమ్మా," అన్నాను, "ఆ చేతులు నావి కావమ్మా. నన్ను క్షమించు."

"తెలుసే! చేతులు చూడగానే అనుకున్నాను, ఇవి మా పిల్లవి కావు, ఎవడో మొగాడివని. ఇంటికెళ్ళిపోదామని లేచాను కూడా. ఇంతలో వచ్చావు కదే!"

"నేనా? నేనెక్కడొచ్చానమ్మా?"

"కాళ్ళే! నీళ్ళలోంచి పైకి, తెరంతా నీ కాళ్ళే!"

ఆ వెడల్పు షాట్‌ని, ఆ వెంటనే 'ఫుల్ టైట్' అన్నందుకు కెమెరామన్ నా కాళ్ళ మీదికి దగ్గరగా వచ్చిన ముక్కతో సహా, డైరెక్టర్ గారు పారెయ్యలేదండీ. మొదటిసారి సముద్రానికి వెళ్ళిన హీరోయిన్ చేపకి చిక్కి నీళ్ళలో పడినట్టు సినిమాలో పెట్టేశారు. పెళ్ళికాని హీరోయిన్ కాళ్ళకి మెట్టెలు తళతళలాడుతుంటే కూడా ఎవరూ గమనించలేదు. మా ఊరు గమనించింది.

ఫోను చేతులు మారింది. మా చిన్నాన్న. "పిల్లా, పదేళ్ళు నా నడుం మీద ఎక్కి దిగిన కాళ్ళే అవి! నాకు తెలీవా? ఆ ఎడమ మడమ పగులు చూడగానే నడుం దానంతట అదే వదిలింది!" వెనకనుంచి ఇంకెవరో, "నాకూ, నాకూ!" అంటున్నారు. హాల్లో సగం మంది నా పాదాల కింద పడుకున్నవాళ్ళే. అందరూ సీట్ల మీంచి లేచి, "నూకాలు కాళ్ళు! నూకాలు కాళ్ళు!" అని ఈలలట. పక్క ఊరివాళ్ళు బిత్తరపోయి చూశారట, ఇదేం అభిమానం రా బాబూ అని.

అమ్మ మళ్ళీ ఫోను లాక్కుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు.

"పదిహేనేళ్ళు నీ మొహం వెతుక్కున్నానే పిచ్చిదానా! నా బుద్ధి గడ్డి తిన్నది. నా కడుపులోంచి వచ్చినప్పుడే నువ్వు కాళ్ళతో వచ్చావు. తెర మీదకి మాత్రం తలతో వస్తావా?"

మా అమ్మ ఇప్పుడు లేదు. సింహాచలం గారు అప్పుడప్పుడు విశాఖ నుంచి ఫోను చేసి, "పడేటప్పుడే పట్టుకుంటుందని చెప్పానా లేదా?" అంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఆ మూడంతస్తుల మేడ కూడా లేదు, అద్దాల ఆఫీసొకటి లేచింది. అటు వెళ్ళినప్పుడల్లా నేను తలెత్తి, మూడో అంతస్తు ఎక్కడుండేదో అక్కడ చూసి వస్తాను. ఒక జమీందారు జుట్టు ఇంకా ఎక్కుతూనే ఉన్నట్టుంటుంది.

ఇదిగో, అందరూ వింటుండగా, నా రెండు మెట్టెల మీద ఆన పెట్టి చెబుతున్నాను. ఈ జన్మలో చేప అన్నది ఉప్పు పట్టి ఎండితే తప్ప ముట్టుకోను. ఎవరైనా టైట్ అన్నా లూజ్ అన్నా, "ఎవరికండీ?" అని మూడుసార్లు అడిగి, రాతపూర్వకంగా తీసుకుని, అది మా అమ్మాయి చేత చదివించుకుంటే గానీ వేలు కదపను. ఈతకొలనున్న బంగళా ఎదురైతే రోడ్డు దాటి అవతల వైపు నడుస్తాను. జూబ్లీహిల్స్‌లో అలా నడిస్తే ఎటూ చేరలేమని మా ఆయన అంటాడు. చేరకపోతేనేం?

ఇక లేవండి, టీ తాగి వెళ్దురుగాని. మీ ఇంట గంజి నుంచి పాయసం దాకా దేనికీ తరుగు రాకూడదు. మీ పిల్లలు పడినా ఎవరో ఒకరు తువ్వాలు పట్టుకుని గట్టున నిలబడి ఉండాలి. మీ గడపలో ఎవరి నడుమూ పట్టెయ్యకూడదు. ఒకవేళ పట్టేస్తే మొహమాటపడకండి, వచ్చి ఇదే చాప మీద బోర్లా పడుకోండి. తెరంతా నిండిన కాళ్ళు, ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.